టీచింగ్ గ్రాంట్‌కి అప్లై చేస్తున్నారా?

అమెరికా యూనివర్సిటీలు కోర్సు మెరుగుపరచడానికి సొంత ఫ్యాకల్టీకి ఇచ్చే చిన్న గ్రాంట్లకి చాలామంది ‘కొత్త టెక్నాలజీ తెస్తాను’ అని మొదలుపెడతారు, అలా వద్దు. ముందు సమస్య చూపించండి: మీ కోర్సులో డి, ఎఫ్ గ్రేడ్లు వచ్చినవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు ఎంతమందో గత కొన్ని సెమిస్టర్ల లెక్క డిపార్ట్‌మెంట్‌లో అడిగి తీసుకోండి, ఏ టాపిక్ దగ్గర తడబడుతున్నారో పాత ఆన్సర్ షీట్లే చెప్తాయి. ఆ ఒక్క టాపిక్ మీదే ప్లాన్ రాయండి. పుస్తకాల ఖర్చే సమస్యైతే రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్ ఉచిత పాఠ్యపుస్తకాలున్నాయి. బడ్జెట్‌లో ల్యాప్‌టాప్ పెడితే కమిటీకి అనుమానమొస్తుంది (రాకుండా ఎలా ఉంటుంది!), రూల్స్ ఒప్పుకుంటే స్టూడెంట్ అసిస్టెంట్ జీతం పెట్టండి. ఫలితాలతో రీసెర్చ్ పేపర్ వేయాలనుంటే డేటా తీసుకోకముందే ఐఆర్‌బీని (మనుషుల మీద చేసే రీసెర్చ్‌కి అనుమతిచ్చే యూనివర్సిటీ కమిటీ) అడగండి, తర్వాత అడిగితే లాభం లేదు.