19వ శతాబ్దపు అమెరికా నాయకుల ఉత్తరాలు వెతికి చదవడం ఎలా

లింకన్ రాసిన ఉత్తరాలు చూద్దామని చాలామంది నేరుగా వాషింగ్టన్‌లోని పెద్ద ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌కి వెళ్ళి లింకన్ పేపర్స్ ఓపెన్ చేస్తారు, తీరా చూస్తే అందులో ఎక్కువ భాగం ఆయనకి వేరేవాళ్ళు రాసినవే ఉంటాయి. ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు, పోస్టులో వేసిన ఉత్తరం అందుకున్నవాళ్ళ దగ్గరే కదా ఉండేది. ఒక నాయకుడి పేపర్స్ అంటే మామూలుగా ఆయనకి వచ్చిన ఉత్తరాలు, ఆయన దాచుకున్న డ్రాఫ్ట్‌లు, కాపీలు. ఆయన పంపిన అసలు ఉత్తరం కావాలంటే అది ఎవరికి రాశారో చూసుకుని, వాళ్ళ పేపర్స్ ఏ లైబ్రరీలో ఉన్నాయో వెతకాలి. ఈ ఒక్కటి బుర్రలో పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఎవరి పేపర్స్ ఎక్కడెక్కడ ఉన్నాయంటే, లింకన్ దగ్గర విదేశాంగ మంత్రిగా చేసిన సీవర్డ్‌వి రోచెస్టర్ యూనివర్సిటీలో, సెనేటర్ చార్లెస్ సమ్నర్‌వి హార్వర్డ్‌లోని హౌటన్ లైబ్రరీలో, జాన్ క్విన్సీ ఆడమ్స్ కుటుంబానివి బోస్టన్‌లోని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. ఎక్కడుందో అస్సలు తెలీకపోతే ఆర్కైవ్‌గ్రిడ్ అనే వెబ్‌సైట్‌లో పేరు కొట్టండి, ఏ సంస్థలో ఏ కలెక్షన్ ఉందో చూపిస్తుంది. కలెక్షన్ దొరకగానే స్కాన్‌ల మీద పడిపోకండి, ముందు దాని ఫైండింగ్ ఎయిడ్ చదవండి, ఏ బాక్స్‌లో ఏ ఏళ్ళ ఉత్తరాలు, ఎవరివి ఉన్నాయో అందులో రాసుంటుంది. బోర్ కొడుతుంది నిజమే కానీ అది చదవకుండా దిగితే వేల పేజీల్లో దారి తెలీదు. లింకన్ పేపర్సే 20,000కి పైగా డాక్యుమెంట్లు, పైగా కొడుకు రాబర్ట్, తను చనిపోయాక 21 ఏళ్ళు గడిచేదాకా వాటిని తెరవకూడదని షరతు పెట్టడంతో 1947 జూలై 26 దాకా అవి మూసే ఉన్నాయి.

కొత్తగా మొదలెట్టేవాళ్ళకి నా సలహా, ఫౌండర్స్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్‌తో మొదలెట్టండి. 1812లో మళ్ళీ మాటలు కలిశాక మాజీ ప్రెసిడెంట్లు జాన్ ఆడమ్స్, జెఫర్సన్ ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు అక్కడ టైప్ చేసి, నోట్స్‌తో సహా ఫ్రీగా ఉన్నాయి. ఆ కాలం వాక్యం ఎలా నడుస్తుందో అలవాటు అవుతుంది, తర్వాత చేతిరాతకి రండి.

చేతిరాత మొదట్లో భయపెడుతుంది. ట్రాన్‌స్క్రిప్షన్, అంటే చేతిరాతని చదివి టైప్ చేసిన పాఠం, ఉన్న ఉత్తరాన్నే తీసుకుని, దాన్ని మూసేసి మీరే చదవండి, తర్వాత పోల్చుకోండి. తేదీ, ఊరు, సంబోధన ముందు చదివేస్తే ఆ మనిషి అక్షరాలు చాలావరకు పట్టుబడతాయి. శతాబ్దం మొదట్లో రాసినవాటిలో పక్కపక్కన రెండు ఎస్‌లు వస్తే మొదటిది ఎఫ్‌లా కనిపించొచ్చు, కంగారు పడకండి. తేదీ తర్వాత ఇన్‌స్ట్ (inst.) అని ఉంటే ఈ నెల, అల్ట్ (ult.) అని ఉంటే పోయిన నెల, అంటే జూలై 3న రాసిన ఉత్తరంలో 28 అల్ట్ అంటే జూన్ 28. దీన్ని పట్టించుకోకపోతే మొత్తం వరస తారుమారైపోతుంది. పల్చటి కాగితం మీద సిరా అలుక్కుపోయినట్టు ఉంటే అది ప్రెస్ కాపీ, అంటే తడి కాగితాన్ని అసలు ఉత్తరం మీద పెట్టి నొక్కి తీసింది, పంపినవాళ్ళు తమ దగ్గర ఉంచుకున్నది. అక్షరాలు ఉల్టాగా పడి కాగితం వెనక నుంచి చదవాల్సి వస్తుంది, పైగా తడికి సిరా పాకుతుంది కాబట్టి అంత మసకగా ఉంటాయి.

ఇక నాకు బాగా ఇష్టమైన భాగం, ఉత్తరం వెనక వైపు. 1845కి ముందు పోస్టేజ్ కాగితాల లెక్కన, దూరం లెక్కన ఉండేది, 400 మైళ్ళు దాటితే ఒక్క కాగితానికే 25 సెంట్లు, కవర్ వాడితే అదీ ఇంకో కాగితం కిందే లెక్క. అందుకే అదే కాగితాన్ని మడిచి లక్కతో అంటించి పైన అడ్రస్ రాసేవాళ్ళు. కాంగ్రెస్ సభ్యులైతే డబ్బు కట్టక్కర్లేదు, బయట సంతకం చేస్తే చాలు. అందుకున్నాయన గానీ ఆయన గుమస్తా గానీ ఎవరి నుంచి, ఏ తేదీ, ఏ విషయం అని వెనకాల చిన్నగా రాసుకునేవాళ్ళు, కొన్నిసార్లు జవాబు ఇచ్చిన తేదీ కూడా. చివరి స్కాన్‌ని ఖాళీ పేజీ అనుకుని వదిలేస్తే జవాబు ఎక్కడ వెతకాలో చెప్పే ఆ చిన్న రాత కూడా పోతుంది.

ఇది ఎంత ముఖ్యమో చూడండి. అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా 1863 జూలై 13న లింకన్ తన సైన్యంలోని జనరల్ గ్రాంట్‌కి, విక్స్‌బర్గ్ నగరం మీద దాడి విషయంలో మీరే కరెక్ట్, నాదే తప్పు అని రాసి పంపాడు. మర్నాడు తన ఇంకో జనరల్ మీడ్‌కి ఇంకోటి రాశాడు, గెటీస్‌బర్గ్ యుద్ధంలో గెలిచి కూడా శత్రు సేనాని లీ సైన్యాన్ని చేజేతులా వదిలేశారు, బంగారం లాంటి అవకాశం పోయింది, నాకు చెప్పలేనంత బాధగా ఉంది అని. ఉత్తరం మాత్రమే చదివితే మీడ్‌కి ప్రెసిడెంట్ దగ్గర గట్టిగా చీవాట్లు పడ్డాయని రాసేస్తాం. కానీ కవర్ మీద లింకన్ తన చేత్తోనే రాసుకున్నాడు, ఇది పంపలేదు, సంతకం కూడా పెట్టలేదు అని. అందుకే అది మీడ్ ఇంటికి చేరకుండా లింకన్ కాగితాల్లోనే దొరికింది. కాబట్టి డ్రాఫ్టా, కాపీయా, పంపినదా అన్నది తేల్చుకోకుండా ఏ ఉత్తరం మీదా ఒక్క ముక్క రాయకండి.

సంతకం, లోపలి రాత ఒకే చేతివా అని కూడా చూడండి. లింకన్ పేరుతో వెళ్ళినవాటిలో సెక్రటరీలు నికొలే, హే రాసినవీ ఉన్నాయి.

నోట్స్‌లో ఎవరు ఎవరికి, తేదీ, కలెక్షన్ పేరు, బాక్స్, ఇమేజ్ నంబర్ అప్పటికప్పుడే రాసుకోండి, తర్వాత రాద్దాంలే అనుకుంటే మళ్ళీ దొరకదు. కాపీరైట్ గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు, అమెరికాలో ప్రచురించని ఉత్తరాలకి రాసినాయన పోయాక 70 ఏళ్ళ వరకే, అయినా ఆ సైట్‌లో హక్కుల గురించి ఏం రాశారో ఓసారి చూడండి. నేరుగా వెళ్ళగలిగితే వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ మాడిసన్ బిల్డింగ్‌లోని మాన్యుస్క్రిప్ట్ రీడింగ్ రూమ్‌కి ఫ్రీగా రీడర్ కార్డ్ ఇస్తారు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. ఒకసారి ఒక్క ఫోల్డరే తెరవాలి, కాగితాల వరస మార్చకూడదు.