పాత క్లాసిక్ కారు: మార్పులు చేయించాలా, అమ్మాలా తేల్చుకునే ముందు

☐ చాసిస్ (కారు అడుగు చట్రం) నంబర్, ఇంజిన్ నంబర్ కారు కాగితాలతో సరిపోల్చండి. ఫ్యాక్టరీలో బిగించిన ఇంజినే ఇప్పటికీ ఉంటే ఆ కారు విలువే వేరు. అలాంటిదాన్ని కోసి మార్చడానికి నాకైతే మనసొప్పదు. ఇంజిన్ ఎప్పుడో మారిపోయి ఉంటే మాత్రం అంతగా జంకక్కర్లేదు.

☐ తుప్పు. అసలు నిర్ణయం ఇక్కడే తేలుతుంది. పైమెరుపు చూసి మోసపోకండి. కార్పెట్ ఎత్తి ఫ్లోర్ చూడండి. డోర్ల కింది అంచులు, సస్పెన్షన్ బిగించే చోట్లు తడిమి చూడండి. స్టీల్ బాడీ అయితే మెత్తని గుడ్డ చుట్టిన అయస్కాంతం ఆనించండి. పట్టు తగ్గిన చోట రంగు కింద పుట్టీ దట్టంగా ఉండొచ్చు. చాసిస్‌నే తుప్పు తినేస్తే కొత్త ఇంజిన్ ఊసెత్తడం దండగ.

☐ మార్పులు చేయిస్తే, మళ్లీ పాత స్థితికి తేగలిగే మార్పులే ముందు. తీసిన కార్బ్యురేటర్, స్టీరింగ్, ఆఖరికి పాత స్క్రూలు కూడా డబ్బాలో దాచండి. రేపు కొనేవాళ్లు అడుగుతారు.

☐ పవర్ పెంచే ముందు బ్రేకులు. పాత డ్రమ్ బ్రేకులు వేడెక్కితే పట్టు తగ్గుతుంది.

☐ ఇంజిన్ మారిస్తే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ సంగతి ముందే కనుక్కోండి.

☐ విడిభాగాలు దొరుకుతాయో లేదో తెలియకుండా విప్పకండి. సగం విప్పి వదిలేసిన కారుకు నడిచే కారు ధర రాదు.

☐ అమ్మేటట్లయితే హడావుడిగా కొత్త పెయింట్ వద్దు. కింద ఏం దాచారోనని కొనేవాళ్లకు అనుమానం. శుభ్రంగా కడిగి, పాత సర్వీస్ బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టండి.