సవన్నా వెళ్లేముందు ఇవి చూసుకోండి

సవన్నా అమెరికాలో జార్జియా రాష్ట్రంలో నది ఒడ్డునున్న పాత ఊరు. అట్లాంటా నుంచి కారులో నాలుగు గంటలే కదా అని లాంగ్ వీకెండ్‌కి బయల్దేరేస్తుంటారు మనవాళ్లు. వెళ్లండి, ఊరు బాగుంటుంది, కానీ:

- ముందు కాళ్లకేం వేసుకుంటున్నారో చూడండి. నది పక్కనే ఉన్న రివర్ స్ట్రీట్‌లో పరిచిన రాళ్లు ఒకప్పుడు ఓడల్లో బరువు కోసం వేసుకొచ్చినవి, ఒక్కోటి ఒక్కో ఎత్తు, మధ్యలో సందులు, వాన పడితే జారుడే. బే స్ట్రీట్ నుంచి నది వైపు దిగే పాత రాతిమెట్లు ఇంకా ఘోరం, నిట్టనిలువుగా ఉంటాయి. అమ్మానాన్నలు వెంట ఉంటే సిటీ హాల్ దగ్గర లిఫ్ట్ వెతుక్కోండి. హీల్స్ మాత్రం సూట్‌కేసులోనే ఉంచండి.
- ఓక్ చెట్లకి బూజులా వేలాడే స్పానిష్ మాస్ కింద పడుంటే పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, అందులో కంటికి కనపడని పురుగులుంటాయి, దురద మామూలుగా ఉండదు.
- కారు ఒకచోట పెట్టేసి తిరగండి. 1733లో గీసిన ప్లాన్ ప్రకారం కట్టిన ఊరు, చిన్న పార్కుల్లాంటి స్క్వేర్లు 22 మిగిలాయి, అన్నీ నడకకే. డౌన్‌టౌన్ షటిల్, నది దాటించే ఫెర్రీ రెండూ ఫ్రీ.
- దగ్గర్లోని టైబీ దీవి బీచ్‌కి వెళ్తే సముద్రం పోటు టైం చూసుకోండి. పెద్ద పోటప్పుడు అక్కడికి వెళ్లే హైవే 80 మీదకి నీళ్లొచ్చేస్తాయి.
- శాకాహారులా? ఆకుకూరే కదా అని కాలర్డ్ గ్రీన్స్ తినేయకండి, చాలాచోట్ల పంది మాంసం వేసి ఉడికిస్తారు, అడగండి.
- మార్చి మధ్యలో సెయింట్ పాట్రిక్స్ డే, ఐరిష్ వాళ్ల పండగ, ఇక్కడ పెద్ద పరేడ్‌తో చేస్తారు. ఆ జనంలో, ఆ హోటల్ రేట్లకి, పిల్లలతో అసలొద్దు.