‘సాటర్డే నైట్ ఫీవర్’ ఇప్పుడు చూడాలంటే

డిస్కో అంటే మనకు 1980ల నాటి రంగుల లైట్లు, మెరుపుల చొక్కాలే గుర్తుకొస్తాయి. ఆ హుషారు కోసం 1977 నాటి హాలీవుడ్ సినిమా ‘సాటర్డే నైట్ ఫీవర్’ పెట్టుకుంటే గంట తిరక్కుండానే ఇబ్బంది మొదలవుతుంది. అందులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కుర్రాడు టోనీ (జాన్ ట్రవోల్టా) డ్యాన్స్ చేసేది వారానికి ఒక్క రాత్రే. మిగతా ఆరు రోజులూ చూడటానికి సిద్ధపడి కూర్చోవాలి.

ముందు ప్రింటు సంగతి. మొదట విడుదలైన ఆర్ రేటింగ్ (పదిహేడేళ్ల లోపువాళ్లు పెద్దలతోనే చూడాల్సిన) ప్రింటు సుమారు 118 నిమిషాలు. కుర్రాళ్లనూ రప్పించడానికి బూతులు, హింస తగ్గించి 1979లో వదిలిన పీజీ (పెద్దల సలహాతో పిల్లలూ చూడదగ్గ) ప్రింటు దాదాపు 112. 2017లో వచ్చిన దర్శకుడు జాన్ బాడమ్ కట్ 122. పీజీ ప్రింటు జోలికి పోవద్దు. టోనీ స్నేహబృందం క్రూరత్వం పలచబడితే అతను పడే సిగ్గుకు కారణం కనిపించదు. నిడివి చూసి మాత్రం ఏ ప్రింటో తేల్చకండి. యూరప్‌లో వాడిన పాల్ టీవీ పద్ధతి డీవీడీ సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 చొప్పున తిప్పుతుంది కాబట్టి ఆర్ ప్రింటు కూడా 113 నిమిషాల్లో అయిపోతుంది, పాటల శ్రుతి కూడా కాస్త పైకి జరగొచ్చు. అట్ట మీద రేటింగ్ చూసుకోండి. 1983 నాటి ‘స్టేయింగ్ అలైవ్’ దీని కొనసాగింపు; ఈ సినిమాలోని పాట పేరే దానికీ ఉంది కాబట్టి పొరబడకండి.

టీవీలో మోషన్ స్మూతింగ్ (ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములు చేర్చే సెట్టింగు) ఆపేయండి, జూమ్ వద్దు. ట్రవోల్టా తన సోలో డ్యాన్సులో తల నుంచి పాదాల దాకా కనిపించాలని పట్టుబట్టి సాధించుకున్నాడు. జూమ్ పెడితే ఆ పాదాలే తెగిపోతాయి. బ్రూక్లిన్ యాస కాబట్టి సబ్‌టైటిల్స్ తప్పనిసరి.

నలుగురితో కలిసి చూస్తుంటే ముందే చెప్పండి: కారులో ఒక అమ్మాయి మీద సామూహిక అత్యాచారం ఉంది, వంతెన మీద ఒక కుర్రాడి చావు ఉంది, ప్యూర్టోరికన్లనూ స్వలింగ సంపర్కులనూ తిట్టే మాటలు చాలా ఉన్నాయి. ఇది పెద్దలు చూడాల్సిన సినిమా.

చూస్తున్నప్పుడు మొదటి నడక దగ్గరే జాగ్రత్తగా ఉండండి. బీజీస్ బృందం పాట ఊపులో చాలామంది టోనీ చేతిలోని పెయింటు డబ్బాను పట్టించుకోరు. అక్కడ షాపులో కస్టమర్ ఆ డబ్బా కోసమే ఎదురుచూస్తోంది. వీధిలో రాజులా నడుస్తున్నవాడు పంతొమ్మిదేళ్ల సేల్స్‌మన్. ఇంట్లో ఉద్యోగం పోయిన తండ్రి, చర్చి ఫాదర్ అయిన అన్ననే మెచ్చుకునే తల్లి. ఆ భోజనాల బల్ల దృశ్యం డ్యాన్సు కన్నా విలువైనదని మా అభిప్రాయం. తర్వాత ఆ అన్న చర్చి వదిలి వచ్చినప్పుడు టోనీ ముఖంలో కనిపించే ఊరటను గమనించండి.

డ్యాన్సు పోటీ అయ్యాక ఆపేయడం ఎక్కువగా జరిగే తప్పు. అసలు కథ అక్కడి నుంచే. గెలిచిన బహుమతిని తమకన్నా బాగా ఆడిన ప్యూర్టోరికన్ జంటకు ఇచ్చేసినవాడే, కాసేపటికి కారులో తన డ్యాన్సు జోడీ స్టెఫనీని బలవంతం చేయబోతాడు. ఈ రెండు పనులనూ విడదీయకుండా చూడండి. మొదటిదాన్ని బట్టి రెండోదాన్ని క్షమించనక్కర్లేదు, రెండోదాని వల్ల మొదటిది అబద్ధమూ కాదు.

సినిమా అయ్యాక చర్చను టోనీతో కాకుండా, కారులో అత్యాచారానికి గురైన ఆనెట్‌తో మొదలుపెట్టండి. ఆమె చివరిసారి ఎక్కడ కనిపించిందో అడగండి. టోనీ స్నేహితుడు బాబీ పడిపోయిన ఆ వంతెన దగ్గరే. ఆ తర్వాత కెమెరా టోనీతో రైలెక్కి మాన్‌హాటన్ వెళ్లిపోతుంది.