యూఏఈలో ఓటీ డబ్బు: లెక్క వేయడం, రాసిపెట్టడం, రాకపోతే అడగడం

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప వైపు నుంచి దుబాయ్, అబుదాబి, షార్జా కంపెనీలకు వెళ్లేవాళ్లు నెల జీతం ఎంతో అడిగి తెలుసుకుంటారు. ఓటీ (ఓవర్‌టైమ్, అంటే మామూలు పని గంటల తర్వాత చేసే అదనపు పని) గంటకు ఎంతో మాత్రం అక్కడికి వెళ్లాక ఫోర్‌మన్ చెబితేనే తెలుస్తుంది. కానీ ఆ రేటు ఫోర్‌మన్ ఇష్టం కాదు, కంపెనీ ఇష్టమూ కాదు. ఇంతకంటే తగ్గకూడదని చట్టమే చెప్పింది. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టంలో (2021 నాటి 33వ ఫెడరల్ డిక్రీ చట్టం) 19వ అధికరణం ఓటీ గురించే.

ముందుగా ఈ చట్టం మీకు వర్తిస్తుందో లేదో చూసుకోండి. కన్‌స్ట్రక్షన్, క్లీనింగ్, సెక్యూరిటీ, హోటళ్లు, గోదాములు, దుకాణాలు లాంటి ప్రైవేటు కంపెనీల పనులన్నీ దీని కిందికే వస్తాయి. ఇంటిపని, వంట, ఇంటి డ్రైవరు, ప్రైవేటు తోట పని, గొర్రెల కాపలా వీసా మీద ఉన్నవాళ్లకు వేరే చట్టం ఉంది. అందులో రోజుకు 12 గంటల విశ్రాంతి ఇవ్వాలని, అందులో 8 గంటలు వరసగా ఉండాలని రాశారు. కింద చెప్పే ఓటీ లెక్క వాళ్లకు పనికిరాదు. దుబాయ్‌లోని డీఐఎఫ్‌సీ, అబుదాబిలోని ఏడీజీఎం అనే ప్రత్యేక ఆర్థిక ప్రాంతాల (ఫ్రీ జోన్ల) కంపెనీలకు కూడా సొంత చట్టాలున్నాయి.

గంట రేటు ఎలా తీయాలి

మామూలు పని రోజుకు 8 గంటలు, వారానికి 48. వరసగా 5 గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో కనీసం గంట విరామం ఇవ్వాలి. ఆ విరామం పని గంటల్లోకి రాదు. క్యాంపు నుంచి సైటుకు బస్సులో పోయే సమయం కూడా సాధారణంగా లెక్కలోకి రాదు. కాబట్టి పొద్దున 6కు బస్సెక్కి సాయంత్రం 7కు దిగితే 13 గంటల పని అని రాసుకోకండి. సైటులో పని మొదలైన సమయం, ఆగిన సమయం, మధ్యలో విరామం, ఈ మూడూ వేసుకోండి.

ఓటీ లెక్కకు ఆధారం బేసిక్ జీతం. తిండి, రూము, రవాణా అలవెన్సులు ఇందులో కలవవు. బేసిక్‌ను 30తో, వచ్చినదాన్ని 8తో భాగించండి. బేసిక్ 960 దిర్హాలైతే రోజుకు 32, గంటకు 4. ఓటీ గంటకు దానిమీద కనీసం 25 శాతం అదనం, అంటే 5 దిర్హాలు. రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్య చేసిన ఓటీకి 50 శాతం అదనం, అంటే 6 దిర్హాలు. మీ పని రాత్రి 9కి ముగియాల్సి ఉండగా 11 దాకా చేయిస్తే మొదటి గంటకు 5, రెండో గంటకు 6, మొత్తం 11 రావాలి. షిఫ్టుల వారీగా మారుతూ పనిచేసేవాళ్లకు ఈ రాత్రి రేటు లేదు. సెక్యూరిటీలో, ఫ్యాక్టరీల్లో ఇది గమనించకుండా ఎక్కువ అడిగితే ఫిర్యాదు బలం తగ్గిపోతుంది.

వారపు సెలవు రోజున పనికి పిలిస్తే బదులుగా ఇంకో రోజు సెలవివ్వాలి. లేదంటే ఆ రోజు జీతం, దానిమీద బేసిక్‌లో కనీసం సగం కట్టాలి. మన ఉదాహరణలో 32, 16 కలిపి 48. రోజుకూలీలు తప్ప మిగతావాళ్లను వరసగా రెండు వారాలకు మించి సెలవు రోజున పిలవకూడదు.

రంజాన్ నెలలో పని రోజుకు 2 గంటలు తగ్గుతుంది. ఉపవాసం లేనివాళ్లకూ తగ్గుతుంది. కాబట్టి ఆ నెలలో ఏడో గంట నుంచే ఓటీ. మనవాళ్లు ఎక్కువగా వదిలేసుకునే డబ్బు ఇదే.

ఓటీ రోజుకు 2 గంటలకు మించకూడదు. పెద్ద నష్టాన్నో ప్రమాదాన్నో ఆపడానికి లాంటి కొన్ని సందర్భాలే దీనికి మినహాయింపు. మూడు వారాల్లో మొత్తం పని 144 గంటలు దాటకూడదు కూడా. అంతకు మించి చేయించడం కంపెనీ తప్పు. పరిమితి దాటింది కదా, వీటికి డబ్బు రాదేమో అని ఆ గంటలు రాయడం మానకండి.

ఎక్కడ కోత పడుతుంది

మొదటి కోత ఊళ్లో ఉండగానే, ఆఫర్ లెటర్ మీద పడుతుంది. నెలకు 960 అని ఏజెంటు చెబుతాడు. కాగితంలో బేసిక్ 600, అలవెన్సులు 360 అని ఉంటుంది. చేతికొచ్చే జీతం అదే. కానీ గంట రేటు 4 నుంచి 2.50కి, ఓటీ రేటు 5 నుంచి 3.12కి పడిపోతుంది. నెలకు 26 రోజులు, రోజుకు 2 గంటల ఓటీ, అంటే 52 గంటలు చేసే మనిషికి 260 రావాల్సింది దాదాపు 162 వస్తుంది. ఇది చట్టవిరుద్ధం కాదు, అందుకే సంతకం పెట్టాక చేయగలిగింది ఏమీ ఉండదు. సంతకానికి ముందే బేసిక్ ఎంతో చూడండి. ఆఫర్ లెటర్ హిందీ, ఉర్దూల్లో కూడా దొరుకుతుంది, అడిగి తీసుకోండి. వీసా కాగితాలతోపాటు దాని ఫోటో ఇంట్లోవాళ్ల ఫోనుకూ పంపండి.

రెండోది, ఓటీకి కూడా మామూలు గంట రేటే కట్టడం. పై లెక్కలో 260 బదులు 208 ఇస్తారు. నెలకు 52 దిర్హాలే కదా అనిపిస్తుంది, రెండేళ్లకు అది 1,248. మూడోది, 12 గంటల డ్యూటీకి ఓటీతో కలిపి ఇంత అని ఒకే మొత్తం చెప్పడం. అలాంటప్పుడు కాంట్రాక్టులోని బేసిక్ పట్టుకుని లెక్క వేసి చూడండి, చెప్పిన మొత్తం చాలా సార్లు చాలదు.

రాసిపెట్టడం

ఓటీ గొడవల్లో మనవాళ్లు ఓడిపోయేది రేటు దగ్గర కాదు, ఎన్ని గంటలు చేశారో చూపించలేక. చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఏ రోజుకారోజు తేదీ, సైటు పేరు, మొదలైన సమయం, ఆగిన సమయం, విరామం, ఫోర్‌మన్ పేరు రాయండి. నెలాఖరున కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే అన్ని రోజులూ ఒకేలా ఉంటాయి, ఎవరూ నమ్మరు. టైమ్‌షీట్ మీద సంతకం పెట్టే ముందు ఫోటో తీయండి. గంటలు ఖాళీగా ఉన్న షీటు మీద సంతకం పెట్టకండి. ఓటీకి రమ్మని వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌లు చెరిపేయొద్దు. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ నెలనెలా దాచండి.

ఫిర్యాదు

ముందు హెచ్‌ఆర్‌ను మెసేజ్ రూపంలో అడగండి. అడిగినట్టు రుజువు మిగలాలి. తేలకపోతే కార్మిక మంత్రిత్వ శాఖకు (మోహ్రే) దాని యాప్‌లో గానీ, కార్మిక ఫిర్యాదుల ఫోను 80084కు గానీ చెప్పవచ్చు. ‘ఓటీ ఇవ్వలేదు’ అని ఊరుకోకుండా నెలవారీగా లెక్క ఇవ్వండి: ఆ నెల ఓటీ గంటలు, రావాల్సింది, వచ్చింది, తేడా. శాఖ ఇద్దరినీ పిలిచి 14 రోజుల్లో రాజీ కోసం చూస్తుంది. కుదరకపోతే, 50,000 దిర్హాల లోపు వివాదాల్లో శాఖే తీర్పు ఇవ్వగలదు. దానితో ఒప్పుకోనివాళ్లు 15 పని దినాల్లో కోర్టుకు వెళ్లాలి. పెద్ద మొత్తమైతే కేసు కోర్టుకే పోతుంది. లక్ష దిర్హాల లోపు క్లెయిముకు కార్మికుడు కోర్టు ఫీజు కట్టక్కర్లేదు.

ఫిర్యాదు నడుస్తున్నంతకాలం పనికి పోతూనే ఉండండి. కారణం లేకుండా వరసగా 7 రోజులకు మించి రాకపోతే నోటీసు లేకుండా తీసేసే హక్కు కంపెనీకి ఉంది, పైగా పారిపోయాడని రిపోర్టు పెట్టే ప్రమాదమూ ఉంది. నిజమైన ఫిర్యాదు పెట్టినందుకు తీసేస్తే మాత్రం అది అన్యాయమైన తొలగింపు. దానికి 3 నెలల జీతం దాకా పరిహారం అడగవచ్చు.

2024 ఆగస్టు 31 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఉద్యోగం ముగిసిన తేదీ నుంచి 2 ఏళ్ల దాకా క్లెయిము వేయవచ్చు. అయినా ఇంటికొచ్చాక చూద్దాం అనుకోవద్దు. అక్కడ లేకుండా కేసు నడపడం చాలా కష్టం. వీసా క్యాన్సిల్ చేసేటప్పుడు ‘నా బాకీలన్నీ ముట్టాయి’ అనే కాగితం మీద సంతకం అడుగుతారు. ఓటీ రాకముందే దానిమీద సంతకం పెడితే, తర్వాత మీ నోట్‌బుక్‌కు ఎదురుగా కంపెనీ ఆ కాగితమే పెడుతుంది. టికెట్ ఆపేస్తామని ఒత్తిడి చేస్తే సంతకానికి ముందే 80084కు గానీ, దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 800 46342కు గానీ ఫోను చేయండి.