వారం మధ్యలో రాత్రి భోజనానికి ఆవ పెట్టిన చికెన్ సలాడ్

ఇంట్లో చేసుకునే చికెన్ సలాడ్ చాలాసార్లు చెడేది నీటి దగ్గరే. మాంసంలో నిలవవలసిన నీరు ఉడికేటప్పుడు బయటికి పోయి ముక్కలు పీచు పీచుగా మిగులుతాయి, కూరగాయలలోంచి ముందే తీసివేయవలసిన నీరు కలిపిన తరువాత గిన్నెలోకి దిగుతుంది, పైన వేసిన పెరుగు ఆ నీటితో పలుచబడి అడుగున చేరుతుంది. ఈ మూడు చోట్లా నీటిని అదుపులో పెట్టుకుంటే మిగిలిన పని తేలిక. పెరుగు వడకట్టి సిద్ధంగా ఉంచుకున్న రోజున, పొయ్యి వెలిగించిన దగ్గర నుంచి ముప్పై అయిదు నలభై నిమిషాలలో ఇద్దరికి సరిపడే భోజనం తయారవుతుంది.

ఇద్దరికి కావలసినవి ఇవి: ఎముకలు, చర్మం తీసిన కోడి ఛాతీ మాంసం 350 గ్రాములు, కీరా ఒకటి, గట్టి టమాటాలు రెండు, క్యారెట్ ఒకటి, సన్నగా తరిగిన క్యాబేజీ ఒక కప్పు, చిన్న ఉల్లిపాయ ఒకటి, గుప్పెడు కొత్తిమీర, పదీ పదిహేను పుదీనా ఆకులు, వేయించి పొట్టు తీసిన వేరుశనగ పప్పు రెండు టేబుల్‌స్పూన్లు. కలపడానికి గట్టి పెరుగు ఒక కప్పు, ఆవపిండి ఒక టీస్పూను, నిమ్మకాయ ఒకటి, పచ్చిమిరపకాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బ ఒకటి, వేయించి దంచిన జీలకర్ర అర టీస్పూను, వేరుశనగ నూనె ఒక టీస్పూను ఉంటే చాలు. మాంసం ఉడికించే నీటిలోకి చిన్న అల్లం ముక్క, పది మిరియాల గింజలు, ఉప్పు కావాలి.

పెరుగు సంగతి మాత్రం ఉదయమే చూసుకోవాలి. పలుచని బట్ట పరిచిన జల్లెడలో పెరుగు పోసి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే సాయంత్రానికి నీరంతా దిగి వెన్నలాంటి ముద్ద మిగులుతుంది. ఆ పని మరిచిపోయిన రోజున, పెరుగు గిన్నెలో పైన తేరిన నీటిని వంపేసి, కింద ఉన్న గట్టి భాగాన్ని వెడల్పు చెంచాతో కదపకుండా తీసుకుంటే పని నడుస్తుంది. వడిసిన నీటిని చపాతీ పిండి కలపడానికి వాడుకోవచ్చు.

మాంసం కొనేటప్పుడు బోన్‌లెస్ అని మాత్రమే అడిగితే కొన్ని దుకాణాలలో తొడ భాగం, ఛాతీ భాగం కలిపి ఇస్తారు. రెండింటికీ ఉడికే సమయం ఒకటి కాదు కనుక ఛాతీ ముక్కలే కావాలని విడిగా చెప్పడం మంచిది. వాటిని కూర ముక్కలుగా కొట్టించకూడదు. ఒక్కొక్క ముక్కను అడ్డంగా చీల్చి రెండు పలుచని పొరలుగా చేసి ఇమ్మంటే, అన్ని వైపులా ఒకే మందంతో సమానంగా ఉడుకుతుంది, ఇంట్లో పచ్చి మాంసం మీద కత్తి పెట్టవలసిన అవసరమూ తప్పుతుంది. నాటుకోడి ఈ వంటకు పనికిరాదు. దాని కండ గట్టిది, ఎక్కువ సేపు ఉడికితే తప్ప మెత్తబడదు, దానికి తగినది పులుసే.

పచ్చి మాంసాన్ని పంపు కింద పెట్టి కడగడం మన ఇళ్ళలో గట్టి అలవాటు. నిజానికి అలా కడిగితే మాంసం మీది బాక్టీరియా పోదు సరికదా, తుంపరలతో పాటు సింకు చుట్టూ, పక్కన ఆరబెట్టిన గిన్నెల మీద పడుతుంది. వాటిని చంపేది ఉడుకే. సలాడ్ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే అదే గట్టు మీద తరిగే కీరా, టమాటా తరువాత పొయ్యి ఎక్కవు. కడగకుండా మనసొప్పని వారు నీరు నింపిన గిన్నెలో ముక్కలను నెమ్మదిగా ముంచి తీసి, ఆ నీటిని చిందకుండా పారబోసి, సింకును సబ్బుతో శుభ్రం చేయాలి. మాంసం తగిలిన చేతులు, పలక, కత్తి సబ్బుతో కడిగిన తరువాతే కూరగాయలు ముట్టుకోవాలి.

ఇక ఉడికించడం. ఈ వంటలో శ్రద్ధంతా పెట్టవలసిన చోటు ఇదే. కోడి ఛాతీలో కొవ్వు చాలా తక్కువ; వేడి పెరిగిన కొద్దీ కండ పోగులు బిగుసుకుని లోపలి నీటిని బయటికి పిండేస్తాయి, ఆ లోటును పూడ్చడానికి తొడ మాంసంలో ఉన్నంత కొవ్వు ఇక్కడ లేదు. అందువల్ల కుక్కరులో పెట్టి రెండు విజిళ్ళు రానిస్తే ముక్క ఉడుకుతుంది కానీ నమిలితే దూదిలా ఉంటుంది. వెడల్పు గిన్నెలో ముక్కలను ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, అంగుళం ఎత్తు మునిగేలా చల్లని నీరు పోసి, చితక్కొట్టిన అల్లం, మిరియాలు, రెండు టీస్పూన్ల ఉప్పు వేసి మధ్యస్థమైన మంట మీద పెట్టాలి. ఉప్పు ఎక్కువనిపించినా కంగారు పడనక్కరలేదు, అందులో చాలా భాగం నీటిలోనే ఉండిపోతుంది.

కొంతసేపటికి గిన్నె అంచుల దగ్గర చిన్న చిన్న బుడగలు లేచి, నీటి పైభాగం సన్నగా వణకడం మొదలవుతుంది. తెర్లడం దాకా రానివ్వకుండా అప్పుడే మంట బాగా తగ్గించి అయిదు నిమిషాలు ఉంచి, మూత పెట్టి పొయ్యి కట్టేయాలి. ఆ వేడి నీటిలోనే మరో పది నిమిషాలు వదిలేస్తే పలుచగా చీల్చిన ముక్కలు లోపలి దాకా ఉడుకుతాయి. చీల్చని మందపాటి ముక్కలైతే మరికొంత సమయం పడుతుంది. వంటింటి థర్మామీటరు ఉన్నవారు అన్నిటికంటే మందంగా ఉన్న ముక్క నడుమ గుచ్చి 74 డిగ్రీల సెల్సియస్ వచ్చిందో లేదో చూసుకోవాలి. అది లేనివారు అదే చోట కోసి చూడాలి: లోపల గులాబీ రంగు మిగలకుండా అంతా తెల్లబడి, కారే నీరు స్వచ్ఛంగా ఉండాలి, ఏ మాత్రం అనుమానం ఉన్నా తిరిగి సన్నని మంట మీద రెండు మూడు నిమిషాలు ఉంచాలి. తీసిన ముక్కలను పళ్ళెంలో అయిదు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయాలి. మిగిలిన నీరు మంచి రసం. మరునాటి మిరియాల చారులోకి వాడుకోవచ్చు, అయితే అందులో ఉన్న ఉప్పును లెక్కలోకి తీసుకోవాలి.

గిన్నె పొయ్యి మీద ఉన్నంతలో ఆవ సంగతి చూడాలి. ఆవగింజలో ఘాటు ముందే సిద్ధంగా ఉండదు. గింజ నలిగి నీరు తగిలినప్పుడు లోపలి ఎంజైము ఒకటి పనిచేసి దానిని పుట్టిస్తుంది. వేడి, పులుపు ఆ ఎంజైముకు అడ్డుపడతాయి. పనసపొట్టు కూరను పొయ్యి మీద నుంచి దింపి, వేడి తగ్గాక ఆవ కలపడంలో ఉన్న కిటుకు ఇదే. కాబట్టి ఆవపిండిని మొదట రెండు టీస్పూన్ల చల్లని నీటితో ముద్దగా కలిపి పది నిమిషాలు పక్కన పెట్టి, ముక్కుకు ఘాటు తగిలిన తరువాతే పెరుగులో కలపాలి. తిన్నగా పెరుగులోనో నిమ్మరసంలోనో చల్లితే ఘాటు సరిగా రాదు. ఆ పైన దంచిన వెల్లుల్లి, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, జీలకర్ర పొడి, నూనె వేసి గిలకొట్టి, చివరగా సగం చెక్క నిమ్మరసం పిండాలి. పెరుగు పులిసినదైతే నిమ్మకాయ జోలికి పోనక్కరలేదు. ఉప్పు మాత్రం ఇప్పుడే వేయకూడదు. కూరగాయలతో, మాంసంతో ఎంత వస్తుందో తెలిశాక అవసరాన్ని బట్టి చిటికెడు వేసుకోవచ్చు.

కూరగాయలలో నీటి బెడద ఎక్కువగా కీరాతో, టమాటాతో వస్తుంది. కీరాను నిలువుగా చీల్చి, నడుమ ఉన్న గింజల భాగాన్ని చెంచాతో గీకి తీసి, అర్ధచంద్రాకారంలో తరగాలి. ఆ ముక్కలకూ క్యాబేజీకీ పావు టీస్పూను ఉప్పు పట్టించి జల్లెడలో పది నిమిషాలు ఉంచితే కింద గిన్నెలో రెండు మూడు చెంచాల నీరు చేరుతుంది. తరువాత గుప్పిట్లోకి తీసుకుని మెల్లగా పిండాలి. ముక్క మెత్తబడినట్లు కనిపించినా కొరికితే కరకరలాడుతుంది. టమాటాలను నాలుగు చెక్కలు చేసి గింజలతో ఉన్న గుజ్జును తీసివేసి, కండను మాత్రమే వాడాలి. తీసిన గుజ్జు చారులోకి పోతుంది. క్యారెట్‌కు ఉప్పు అక్కరలేదు, అగ్గిపుల్లల్లా సన్నగా తరిగితే చాలు. ఉల్లిపాయ చీలికలను చల్లని నీటిలో అయిదు నిమిషాలు నానబెట్టి పిండితే పచ్చి ఘాటు తగ్గుతుంది. కొత్తిమీర, పుదీనా కడిగిన తరువాత బట్ట మీద ఆరబెట్టడం చాలామంది వదిలేసే పని, తడి ఆకులు వేస్తే అంతవరకూ పడిన శ్రమ నీటిపాలవుతుంది.

మాంసం గోరువెచ్చగా ఉన్నప్పుడే విడదీయాలి. పోగులు ఏ వైపు నడుస్తున్నాయో చూసి, వాటికి అడ్డంగా అంగుళం వెడల్పున కోసి, ఆ తరువాత చేతితో విప్పితే పొట్టి పోగులుగా వస్తుంది. కత్తితో నున్నగా కోసిన ముక్క కంటే గరుకుగా విడిన పోగులకు పెరుగు బాగా పడుతుంది. ఆరిన మాంసానికి మొదట సగం పెరుగు పట్టించి, తరువాత కూరగాయలు, ఆకులు, మిగిలిన పెరుగు వేసి రెండు చెంచాలతో కింది నుంచి పైకి కలపాలి. వేరుశనగ పప్పును కచ్చాపచ్చాగా దంచి వడ్డించే ముందే చల్లాలి, ముందుగా వేస్తే మెత్తబడుతుంది.

పోషకాల విషయానికి వస్తే, ఈ కొలతతో ఒక్కొక్కరికి ఒక్క మాంసం నుంచే సుమారు 40 గ్రాముల ప్రొటీన్ అందుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సిఫారసు చేస్తుంది కనుక, అరవై కిలోల మనిషికి రోజంతటికీ కావలసిన దానిలో ఇది పెద్ద వాటా. అలాగని అన్నాన్ని పూర్తిగా మానేసి దీనితోనే సరిపెట్టుకోవాలని నేననను. శ్రమ చేసి వచ్చిన వారికి పడుకునే వేళకు మళ్ళీ ఆకలి వేస్తుంది. పక్కన ఒక జొన్న రొట్టె పెట్టుకుంటే నిండుగా ఉంటుంది. ఉడికించిన సెనగలు అరకప్పు కలుపుకున్నా మంచిదే.

బజారు మయోనైజ్ వేస్తే పని ఇంకా త్వరగా అవుతుందన్నది నిజమే కానీ, మామూలు మయోనైజ్‌లో ఎక్కువ భాగం నూనే. పచ్చి గుడ్డుతో చేసినదానికి బాక్టీరియా భయం కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు అటువంటి మయోనైజ్ తయారీని, నిల్వను, అమ్మకాన్ని నిషేధించింది. ఆవ ఘాటు పడని పిల్లల కోసం దానికి బదులు వేయించిన నువ్వుల పొడి రెండు టీస్పూన్లు కలిపితే రుచి కమ్మగా వస్తుంది. వేసవిలో కీరా సగం తగ్గించి పచ్చి మామిడి తురుము వేసుకున్న రోజున నిమ్మకాయ మానేయాలి.

మరునాటి డబ్బాలోకి కూడా కావాలనుకుంటే మాంసం రెట్టింపు ఉడికించుకోవచ్చు, సలాడ్ మాత్రం కలిపి ఉంచకూడదు. ఉడికిన ముక్కలను రెండు గంటలలోపు, ఎండాకాలంలో అయితే గంటలోపే, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టాలి. అలా ఉంచినవి మూడు రోజుల వరకు వాడుకోవచ్చు. పెరుగు, పిండిన కూరగాయలు, వేరుశనగ పప్పు వేరు వేరు డబ్బాలలో ఉంచి తినే ముందే కలపాలి. ఆఫీసులో ఫ్రిజ్ లేనివారు ఈ డబ్బా తీసుకువెళ్ళకుండా, మిగిలిన ముక్కలను ఆ రాత్రికే వాడుకోవడం మంచిది.