పెద్ద హాల్‌కి చిన్న స్పీకర్లు ఎలా ఎంచుకోవాలి?

షాపులో అదరగొట్టిన స్పీకర్లు ఇంటికొచ్చాక నీరసంగా వినిపించడం చాలామందికి అనుభవమే. డెమో గది చిన్నది, మీరు కూర్చున్నది ఐదారు అడుగుల దూరంలో. ఇంట్లో హాల్ 20 అడుగులు ఉంటుంది. పైగా మధ్యలో తలుపు లేకుండా డైనింగ్, వంటగది దాని పక్కనే కలిసిపోయి ఉంటాయి. అందుకే షాపుకి వెళ్లే ముందే ఇంట్లో కొంత పని ఉంది.

1. టేపుతో కొలవండి

స్పీకర్లు పెట్టే చోటు నుంచి సోఫాలో మీ తల ఉండే చోటు దాకా ఎంత దూరమో కొలవండి. హాల్ మొత్తం ఎన్ని చదరపు అడుగులు అన్నదాని కంటే ఈ అంకె ముఖ్యం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. గదిలో గోడలు కొంత వెనక్కి పంపుతాయి కాబట్టి అంత పడిపోదు, కానీ తగ్గడం మాత్రం ఖాయం. తొమ్మిది అడుగుల లోపైతే 5 అంగుళాల వూఫర్ (బాస్ పలికించే పెద్ద కోన్) ఉన్న మంచి జత చాలు. పన్నెండు దాటితే 6.5 అంగుళాలవి చూడండి. సోఫాని రెండడుగులు ముందుకు జరపగలరేమో కూడా ఆలోచించండి, దానికి ఖర్చేమీ లేదు.

తర్వాత హాల్ మధ్యలో నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. 'టంగ్'మని మోత సాగితే టైల్స్, మార్బుల్, పెద్ద అద్దాల కిటికీలు శబ్దాన్ని తిప్పికొడుతున్నట్టు. అలాంటి హాల్‌లో ఎంత ఖరీదైన స్పీకరైనా మాటలు అలికేస్తుంది. బడ్జెట్‌లో కొంత మందపాటి కర్టెన్లకీ, సోఫా ముందు పరిచే కార్పెట్‌కీ తీసిపెట్టండి.

2. వాట్స్ కంటే ముందు సెన్సిటివిటీ చూడండి

వేల వాట్స్ 'పీఎంపీఓ' (క్షణకాలపు గరిష్ఠ పవర్) అని స్టిక్కర్లు అంటించిన సెట్లు గుర్తున్నాయా? ఆ అంకెని పట్టించుకోకండి. యాంప్లిఫయర్‌కి ఆర్ఎంఎస్ వాట్స్, అంటే అది నిలకడగా ఇవ్వగల పవర్, అడగండి. స్పీకర్ మీద రాసిన వాట్స్ అయితే అది తట్టుకునే పవర్ మాత్రమే. ఎంత గట్టిగా మోగుతుందో చెప్పేది సెన్సిటివిటీ, అంటే ఒక వాట్ ఇస్తే ఒక మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నది. చిన్న స్పీకర్లలో ఇది ఎక్కువగా 84 నుంచి 88 మధ్య ఉంటుంది. మూడు డెసిబెల్స్ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, 85 ఉన్న జతకి 100 వాట్స్ కావాల్సిన చోట 88 ఉన్నదానికి 50 చాలు. పెద్ద హాల్‌కి 87 లేదా ఆ పైన వెతకడం మంచిది. స్పీకర్ ఇంపీడెన్స్ (కరెంటుకి అది ఇచ్చే నిరోధం) 4 ఓమ్స్ అయితే మీ యాంప్లిఫయర్ దాన్ని నడపగలదో లేదో ముందే కనుక్కోండి.

చిన్న స్పీకర్ల మాట వస్తే ఎల్ఎస్3/5ఏ పేరు ఎత్తని ఆడియో అభిమాని ఉండడు. 1970లలో బీబీసీ తన ప్రసార వ్యాన్ల కోసం తయారు చేయించిన డిజైన్ అది. గొంతు పలికే తీరు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. అయితే దాని సెన్సిటివిటీ 83 దరిదాపుల్లోనే ఉంటుంది. ఇరుకు వ్యాన్‌లో దగ్గరగా వినడానికి పుట్టినదాన్ని పదిహేను అడుగుల దూరం నుంచి పండగ సందడి చేయమంటే ఎలా?

3. బాస్ సంగతి ముందే తేల్చుకోండి

అసలు చిక్కు ఇక్కడే. చిన్న పెట్టె, లోతైన బాస్, ఎక్కువ శబ్దం... ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి. శబ్దం తగ్గకుండా ఫ్రీక్వెన్సీ సగానికి దిగాలంటే వూఫర్ కోన్ నాలుగింతలు కదలాలి. చిన్న కోన్‌కి అంత ఓపిక ఉండదు. డప్పు మోగినప్పుడు గుండెలో తగలాలంటే సబ్‌వూఫర్ (బాస్ కోసమే విడిగా పెట్టే స్పీకర్) ఉండాల్సిందే. 80 హెర్ట్జ్ దగ్గర క్రాస్ఓవర్ (అంతకంటే లోతైన శబ్దాలు సబ్‌వూఫర్‌కి వెళ్లే హద్దు) పెట్టి మొదలుపెట్టండి. ఇప్పుడు డబ్బు చాలకపోతే కనీసం సబ్‌వూఫర్ అవుట్‌పుట్ ఉన్న యాంప్లిఫయర్ తీసుకోండి. అపార్ట్‌మెంట్ అయితే కింది ఫ్లోర్ వాళ్లని కూడా కాస్త గుర్తుంచుకోండి.

స్పీకర్ వెనక గాలి రంధ్రం ఉంటే గోడకి అడుగు దూరమైనా ఉంచాలి. అంత వీలు లేకపోతే రంధ్రం ముందున్నవి, లేదా అసలు లేనివి ఎంచుకోండి.

4. మీ పాటలతో, మీ దూరం నుంచి వినండి

మీకు బాగా తెలిసిన రెండు మూడు పాటలు తీసుకెళ్లండి. ఒకదాంట్లో గొంతు ముఖ్యంగా ఉండాలి, ఇంకోదాంట్లో దరువు. ఇంట్లో కొలిచిన దూరంలోనే కుర్చీ వేయించుకోండి. రెండు జతలు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టమనండి. కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు చెవికి అనిపిస్తుంది, అమ్మేవాళ్లకి ఆ సంగతి తెలుసు.

5. ఇంట్లో అమర్చడం

రెండు స్పీకర్లూ మీరూ కలిసి సమబాహు త్రిభుజంలా కుదిరితే మేలు. ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న భాగం) కూర్చున్నవారి చెవి ఎత్తులో ఉండాలి. టీవీ షోకేస్ అరల్లో ఇరికించకండి, స్టాండ్లు కొనండి.

అంతా అయ్యాక కూడా బాస్ మాయమై, గాయకుడి గొంతు మధ్యలో నిలవకుండా చెల్లాచెదురుగా వినిపిస్తే, స్పీకర్లు వెనక్కి ఇచ్చే ముందు వైర్లు చూడండి. ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారై ఉండొచ్చు.